వెనుక చక్రము

సైకిలు చక్రము విప్పుట ఇల్లాండ్ర పనియా యని సోదరీమణులు కొందఱు నవ్వవచ్చును. గడచిన మార్చి నెల వఱకు నేనును అట్లే నవ్వియుందును.

మాది కోనసీమలో కాలువ నానుకొనియున్న పల్లె. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిమ్మట ఈ సీమయందు కాలువలు విస్తరించినవి. ఆ కాలువగట్లే నేటికిని మాకు బాటలు. చినుకు పడెనా, బంకమన్ను చక్రమున కంటుకొని వీపు దాక చిందును. అందుచేత ఆడపిల్లల బండ్లకు నిండు మడ్‌గార్డులును, చైనుకు కప్పును ఉండితీరవలెను. పావడా, చుడీదారు మాయకుండ కాపాడునవి అవియే. చక్రము విప్పవలసివచ్చినపుడు అడ్డుపడునవియు అవియే.

ఉత్త పంక్చరైనచో చక్రము విప్పనక్కఱలేదు. టైరును ఒకప్రక్క తప్పించి, ట్యూబును వెలికిలాగి, నీట ముంచి, బుడగలు వచ్చుచోట అతుకు వేయుదురు. టైరే మార్చవలసివచ్చెనా, అసలు చిక్కు అప్పుడే.

మా అమ్మాయికి పదవతరగతి పరీక్షలు. మఱునాడు లెక్కలు. పరీక్ష జరుగు ఊరు ఐదు కిలోమీటర్లు. సాయంకాలము చూతుము గదా, వెనుక టైరు ప్రక్కన చినిగి ట్యూబు కోడిగ్రుడ్డంత బుంగగా ఉబికియున్నది. క్రొత్త టైరు నెల్లాళ్లనుండి చావడిలో మేకునకు వ్రేలాడుచునే యున్నది. కాని సైకిలుషాపు అతడు ఊరివారితోబాటు పెండ్లికి తరలిపోయెను. ఊరిలోని రెండాటోలును ఆ పెండ్లికే కుదిరినవి. మావారు హైదరాబాదులో నుండిరి. పిల్ల యేమియు అనక పుస్తకము మూసి నా ముఖమువంక చూచెను.

పానా, స్క్రూడ్రైవరు ఇంటనే యున్నవి. గోనెపట్టా పఱచి బండిని తలక్రిందులుగా నిలిపితిమి. ముందు చైనుకప్పు వెనుకటి ముక్క విప్పితిని. ఇరుప్రక్కల నట్లు తీయగా వాషరు, క్యారేజి ఊచ, స్టాండు, మడ్‌గార్డు ఊచ ఒకదాని క్రింద నొకటి వచ్చినవి. వచ్చిన వరుస తప్పకుండ చేటలో పేర్చితిని. ఈ జాగ్రత్త లేనిచో తిరిగి బిగించునపుడు రెండు వస్తువులు మిగులుట నిశ్చయము. చక్రమును కొంచెము ముందునకు త్రోసి, వదులైన చైనును పండ్ల మీదనుండి తప్పించితిని.

ఇంతవఱకు సులువే. తీరా చక్రమును లాగగా అది రాలేదు. మా బండిలో ఇరుసు దూరు గాడి వెనుకవైపునకు తెఱచియుండును. చక్రము వెనుకకే రావలెను. అచట మడ్‌గార్డు గోడవలె నిలిచియున్నది. టైరు పోయి దానికి కొట్టుకొనుచున్నది. పావుగంట పెనగులాడితిని. బలము చూపినచో రేకు వంగిపోవునని భయము.

అంతవఱకు "నల్లచేతులతో వంటయింటికి రాకు" మనుచుండిన అత్తగారు టార్చి పట్టుకొని నిలిచి, "అమ్మాయీ, ఉబ్బిన దిండు గలీబులో దూఱునా? గాలి తీసి చూడు" మనిరి.

గాలి తీయగా టైరు మెత్తబడెను. ఇరుసునుండి విడివడిన ఊచలతో మడ్‌గార్డును పిల్ల కొంచెము పైకెత్తి పట్టుకొనగా, చక్రము ఊడి నా ఒడిలో పడెను. మాది తీగబ్రేకు గనుక ఇంతతో సరిపోయెను. పాతకాలపు ఊచబ్రేకు బండియైనచో బ్రేకు దిమ్మలను కూడ విప్పవలెను.

టైరు మార్చుటకు గరిటెకాడలు రెండు చాలినవి. అంతయు తెలిసినట్లు క్రొత్త టైరునకు ముందే గాలి కొట్టితిని. అది మరల మడ్‌గార్డు సందున దూఱలేదు. అత్తగారు ఏమియు అనలేదు, నవ్విరి. గాలి తీసి, చక్రమును గాడిలో నిలిపి, చైను తగిలించి, నట్లు బిగించి, అప్పుడు పంపు పట్టితిని. చైను వ్రేలితో నొక్కిన కొంచెము ఆడవలెను, కఱ్ఱవలె బిగియరాదు.

1991 తరువాత తమిళనాట పుదుక్కోట జిల్లాలో అక్షరోద్యమముతోబాటు గ్రామస్త్రీలు వేలకొలది సైకిలు త్రొక్క నేర్చిరి. మనమును ఎందఱమో త్రొక్కుచున్నాము. పానా మాత్రము ఇంకను షాపులోనే యున్నది!

చేతి నల్లజిడ్డునకు ముందు కొబ్బరినూనె రాచి, పిమ్మట సున్నిపిండితో రుద్దితిని.

మఱునాడు పిల్ల పరీక్ష వ్రాసి వచ్చెను. లెక్కలమాట అడుగగా, "బాగానే వ్రాసితినమ్మా, కాని దారి పొడుగునను వెనుక గరగరమనుచునే యున్నది" అనెను. చూడగా టైరు ఒకప్రక్క మడ్‌గార్డునకు రాచుకొనుచున్నది. నట్లు వదులుచేసి, ఇరువైపుల చిటికెనవ్రేలంత సందు వచ్చునట్లు చక్రమును సర్ది, మరల బిగించితిమి. ఈమాఱు పానా పిల్లయే పట్టినది.