అక్షింతల పురుగు చెప్పిన అధ్యాస పాఠం



మా ఇంటి ముంగిట ఒక దేవగన్నేరు వృక్షమున్నది. నా తండ్రిగారు స్వహస్తాలతో నాటినది. పసుపు గర్భం గల ఆ తెల్లని పూలతోనే వారి నిత్యార్చన సాగేది. వారు పరమపదించిన తరువాత వచ్చిన తొలి గ్రీష్మంలో ఆ చెట్టు వ్యాధిగ్రస్తమైనది. దానిని కాపాడబోయి నేను చేసిన ఒక అపరాధాన్ని సాధకమిత్రుల ఎదుట నివేదించుకొనుటయే ఈ వ్యాసప్రయోజనం.

మొదట కనిపించినది నలుపు. ఆకులపై పొయ్యిమసి వంటి పూత. తడిగుడ్డతో తుడిస్తే పోయేది, కొన్నాళ్ళకు మరల వచ్చేది. అదే వ్యాధి అనుకొని పక్షం రోజులు ఆకులు తుడిచాను. నిజానికి ఆ మసి ఒక శిలీంధ్రం. అది ఆకును తినదు, పైనుండి జారిపడిన తీపి జిగురుపై పెరుగుతుంది. అది కార్యమే కాని కారణం కాదు. కనుక మసి కనబడినచోట గాక, దానికి పైభాగాన వెదకాలి. అలా వెదకగా లేత చిగుళ్ళలోనూ, ఆకుల అడుగున ఈనెల వెంబడినీ దూదిపింజల వలె పిండినల్లి కనిపించినది. చెట్టు రసాన్ని పీల్చి, మిగిలిన తీపిని విసర్జించేది అదే. ఆ తీపికై చీమలు బారులు తీరి కాండంపై ఎక్కి దిగుతున్నవి. గోపాలకుడు పశువులను కాచినట్లు అవి నల్లిని కాచి, దాని శత్రువులను తరుముతాయి.

కారణం దొరికినదన్న ఉత్సాహంతో తెల్లగా ఉన్న ప్రతి ప్రాణినీ సంహరించాను. వాటిలో కొన్ని పెద్దవి, పొడవైన తెల్లని పోగులు గలవి. అవే తల్లి పురుగులై ఉంటాయని తలచి ముందుగా వాటినే నలిపివేశాను. ఆపై అంగడిలో దొరికిన తీవ్రమైన మందును చెట్టంతా పిచికారీ చేశాను. కొద్ది దినాలు చెట్టు నిర్మలంగా కనిపించినది. నెల తిరిగేసరికి నల్లి ఇనుమడించినది.

ఉద్యానశాఖలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పొరుగు పెద్దాయన ఒకనాడు భూతద్దంతో వచ్చారు. ఒక నల్లిని నలిపితే పసుపు ద్రవం వచ్చినది. "ఇది బొప్పాయి పిండినల్లి. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బయటపడి, మన తోటలన్నిటికీ పాకింది" అన్నారు. తరువాత ఒక కొమ్మపై మిగిలిన పెద్ద తెల్ల పురుగును చూపి, "దీన్ని ముట్టుకోకండి. ఇది నల్లి కాదు, నల్లిని తినేది. అక్షింతల పురుగు పిల్ల" అన్నారు. 1898లో ఆస్ట్రేలియా నుండి మన దేశానికి తెచ్చిన జాతి అది. తల్లి పురుగు నల్లి గుడ్ల నడుమనే తన గుడ్లు పెడుతుంది. పిల్ల నల్లి వేషంలోనే నల్లి మధ్య తిరుగుతుంది. నల్లి కదలీ కదలనట్లుంటుంది. ఈ పిల్ల చురుకుగా నడుస్తుంది. పరిమాణంలోనూ నల్లికంటె ఎంతో పెద్దది.

నేను మొదట చంపినవి రక్షకులను!

రజ్జుసర్పదృష్టాంతాన్ని ఎన్నిసార్లు వినలేదు! గాఢాంధకారంలో ఆ భ్రమ కలగదు, పూర్ణప్రకాశంలోనూ కలగదు; మసక వెలుతురులోనే కలుగుతుంది. సామాన్యాంశం తెలిసి, విశేషాంశం తెలియకపోవుటయే అధ్యాసకు నెలవు. తెల్లదనమనే సామాన్యం నాకు తెలుసు, నడకలోని విశేషం తెలియదు. ఏమీ తెలియనివాడు ఆ పురుగులను వదలివేసి ఉండేవాడు. నా అర్ధజ్ఞానమే హింసకు హేతువైనది. మరొక మాట. త్రాటిని త్రాడుగా ఎరిగినప్పుడు సర్పం బాధితమవుతుంది. కాని ఆ లోపల కర్రతో కొట్టిన దెబ్బ బాధితం కాదు. జ్ఞానం భ్రమను తొలగించినది. చచ్చిన పురుగులను బ్రతికించలేదు. వాటి లోటును చెట్టు ఆ ఏడంతా అనుభవించినది.

పిదప పెద్దాయన చెప్పినట్లు చేశాను. నల్లి దట్టంగా పట్టిన కొమ్మలను కోసి కాల్చివేశాను. కాండానికి గుడ్డ చుట్టి, బెరడుకు తగలకుండ ఆ గుడ్డపైనే గ్రీజు పూసి చీమల దారిని మూసివేశాను. గోడకు ఆనిన కొమ్మలను కత్తిరించాను. లేకున్న చీమలకు అదొక వంతెన. రక్షకులు లేని కొమ్మలపై మాత్రం నీటి ధారతో నల్లిని రాల్చి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి సాయంవేళ ఆకుల అడుగున చల్లాను. యూరియా మానివేశాను. చెట్టుపై మమకారంతో నేను అతిగా వేసిన ఆ ఎరువే లేత చిగుళ్ళను పెంచి నల్లికి విందు చేసినదట! క్రొత్తగా కొన్న మొక్కలను ఇప్పుడు కొన్ని వారాలు వేరుగా ఉంచి, ఆకుల అడుగు చూచిన తరువాతనే తోటలో చేరుస్తున్నాను.

చెట్టు పూర్తిగా కోలుకోలేదు. తూర్పు కొమ్మ పోయినది. ఈ శ్రావణంలో మాత్రం పూజకు పూలు దొరికినవి. పూలు కోసేటప్పుడు ఆకును త్రిప్పి చూడటం అలవాటైనది. తెల్లనిదేదైనా కనబడితే చేయి చాపను. అది నడిచేదాకా నిలబడి చూస్తాను.

శ్రీకృష్ణార్పణమస్తు.