వలందపాలెం దాకా

ఒలందా దేశపు ఊరు చూడాలంటే విమానం ఎక్కాలని చాలామంది అనుకుంటారు. మా కొండపల్లి వాళ్ళకు అంత ఖర్చు అక్కరలేదు. పొద్దున్నే చద్దన్నం తిని బయలుదేరితే మధ్యాహ్నానికి వలందపాలెంలో ఉండవచ్చు. వలందులంటే డచ్చివారే. బందరులో ఆ పేట ఇప్పటికీ ఆ పేరుతోనే ఉన్నది. అదే ఊళ్ళో పరాసుపేట ఫ్రెంచివారిది. ఇంగ్లీషుపాలెం ఎవరిదో వేరే చెప్పనక్కరలేదు. మూడు జాతుల దొరలు వచ్చి, వ్యాపారం చేసి, తమలో తాము దెబ్బలాడుకుని వెళ్ళిపోయారు. ఆటోవాళ్ళ నోటా పోస్టు కవర్ల మీదా వాళ్ళ పేర్లు మిగిలిపోయాయి.

నాతో మా పొరుగాయన వచ్చారు. వరసకు ఏమీ కాకపోయినా నేను మామయ్యా అంటాను. యాభై ఏళ్ళుగా తెల్లపొణికి చెక్కి బొమ్మలు చేస్తున్న మనిషి. కొండపల్లి దశావతారాలు దేశమంతా తిరుగుతున్నాయి గాని ఆయన మాత్రం ఒక్కసారీ బందరు చూడలేదట! "సముద్రం ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను" అన్నారు.

కొండపల్లికీ బందరుకూ చుట్టరికం పాతదే. గోలకొండ సుల్తానుల నాడు మా కోట ఒక సర్కారుకు ముఖ్యస్థానం. బందరు ఆ రాజ్యానికంతకూ సముద్రపు గుమ్మం. ఇవాళ పుణె నుంచి హైదరాబాదు మీదుగా వచ్చే 65వ నంబరు జాతీయ రహదారి మా పక్కనున్న ఇబ్రహీంపట్నాన్ని తాకి, బెజవాడ దాటి, బందరులో ఆగిపోతుంది. 2022లో జిల్లాను విడదీశాక మేము ఎన్టీఆర్ జిల్లాలోకి పోయాము, బందరు కృష్ణాజిల్లాకు ముఖ్యపట్టణంగా నిలిచింది. రోడ్డుకు ఆ సంగతి పట్టలేదు.

మేము మాత్రం రోడ్డు మీద పోలేదు. బెజవాడలో రైలెక్కి గుడివాడ మీదుగా వెళ్ళాము. కిటికీలోంచి చూస్తే వరిచేలు, కాలువలు, గట్ల మీద తాటిచెట్లు. డచ్చివారి దేశం కూడా ఇలాగే బల్లపరుపుగా, కాలువల మయంగా ఉంటుందని చదివాను. కాని ఈ కాలువలను చూసి వాళ్ళు ఇల్లు జ్ఞాపకం చేసుకున్నారనుకోవద్దు సుమా! బెజవాడ ఆనకట్ట 1850 తర్వాతి మాట. అప్పటికి డచ్చివారు మూట కట్టుకుని వెళ్ళి పాతికేళ్ళు దాటింది.

బందరుకు ముందుగా పెడన వస్తుంది. అక్కడ దిగకుండా బందరు వెళ్ళేవారు సగమే చూసినట్టు. డచ్చివారు మన తీరానికి ఎందుకు వచ్చారో పెడనలో తెలుస్తుంది. వాళ్ళ ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. 1605లో వాళ్ళ ఓడ బందరు చేరింది. మరుసటి ఏడు, హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్‌షా నుంచి వ్యాపారానికి అనుమతి పొందారు. వాళ్ళ మనసంతా తూర్పు దీవుల జాజికాయ మీద, లవంగాల మీద. అయితే ఆ దీవులవాళ్ళు కోరినది మన గుడ్డ. మన గుడ్డ కొని అక్కడ మారకం వేసి, లవంగాలు యూరపుకు పట్టుకుపోయేవారు. తర్వాత యూరపే ఆ గుడ్డకు మరిగింది. మన చీటీ గుడ్డ వెర్రి ఎంతవరకు పోయిందంటే, తమ నేతగాళ్ళ బతుకు పోతుందని 1686లో ఫ్రాన్సు, 1700లో ఇంగ్లండు వాటి మీద నిషేధాలు పెట్టాయి. డచ్చివారు అటువంటి నిషేధం పెట్టుకోలేదు. ఒలందాలో హిండెలోపెన్ అనే చిన్న ఊరున్నది. వెనక సముద్రపు ఒడ్డున ఉండేది. 1932లో అడ్డుకట్ట కట్టాక ఆ నీళ్ళు మంచినీటి సరస్సయ్యాయి. ఆ ఊరి ఆడవాళ్ళ సంప్రదాయపు దుస్తుల్లో మన కోరమాండల్ తీరపు పువ్వుల గుడ్డకు పెద్దపీట. మన రంగు వాళ్ళ పుట్టింటి సారె అయి కూర్చుంది!

పెడనలో ఒక అద్దకం పాక ముందు ఆగాము. కరక్కాయ నీటిలో తడిపి ఆరబెట్టిన బట్ట పొడుగాటి బల్ల మీద పరిచి, ఒక కుర్రవాడు అచ్చు అద్దుతున్నాడు. నలుపు రావటానికి తుప్పు ఇనుమూ బెల్లమూ కలిపి పులియబెట్టిన నీరు. ఎరుపు రావలసిన చోట పటిక నీరు. పటిక అద్దినప్పుడు ఎరుపు కనిపించదు. తర్వాత పారే నీటిలో జాడించి, రంగు కాగులో ఉడకబెడితే అప్పుడు పైకి వస్తుంది. పూర్వం ఆ ఎరుపు చిరివేరుతో తీసేవారు. ఆ వేరు కోసమే వర్తకులు పోటీలు పడేవారు.

మామయ్య గుడ్డ వంక చూడనే లేదు. అచ్చు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశారు.

"టేకు కదూ?"

"టేకేనండీ."

"మా పొణికి అయితే ఇన్ని అద్దకాలకు నీరు తాగి ఊరిపోను. ఈ తీగ సన్నదనం చూడు. ఎన్నాళ్ళు పట్టింది, అబ్బాయ్, చెక్కటానికి?"

"అది మా తాతల నాటిదండీ. చెక్కినాయన ఎవరో మాకు తెలియదు."

మామయ్య అచ్చును బల్ల మీద బోర్లించకుండా, పక్కకు పెట్టారు. పళ్ళు అరుగుతాయని కాబోలు.

పెడన నుంచి బందరు ఎంతో దూరం లేదు. ఊళ్ళో భోజనం చేసి, దొరల సమాధులెక్కడ అని వాకబు చేసుకుంటూ వెళ్ళాము. ఎండ చల్లబడ్డాక వెళ్ళటం మంచిది, గొడుగు తప్పనిసరి. పదిహేడో శతాబ్దపు డచ్చి సమాధులవి. పెద్ద పెద్ద రాతిపలకల మీద వంశచిహ్నాలు, కిరీటాలు, చుట్టూ లతలు, డచ్చి భాషలో వరసలు. 1897లో అలెగ్జాండర్ రీ అనే పురావస్తు ఉద్యోగి మద్రాసు రాజధానిలోని డచ్చి కట్టడాల మీద అచ్చువేసిన పుస్తకంలో వీటి సంగతి కూడా ఉన్నది. అంతకు రెండువందల ఏళ్ళ ముందే, 1693లో, ఈ తీరాన కొలువు చేసిన డానియల్ హావార్ట్ అనే డచ్చి ఉద్యోగి కోరమాండల్ తీరంలో తమవారి ఉత్థాన పతనాలను పుస్తకంగా రాశాడు.

మామయ్య కళ్ళజోడు సర్దుకుని ఒక అక్షరం లోతును వేలితో తడిమారు. "చెయ్యి తిరిగిన ఉలి" అన్నారు. కాసేపాగి, "ఇది మనవాడు చెక్కాడంటావా, వాళ్ళ దేశం నుంచి తెచ్చుకున్నారంటావా?" అని అడిగారు. మనవాడే అయితే, చదవటం రాని భాషను అంత శుభ్రంగా చెక్కాడన్నమాట.

అక్కడ నిలబడితే నాకు మాత్రం ఇంకో సంగతి తోచింది. ఈ రాళ్ళ మీద పేర్లున్నాయి, పుట్టిన ఊళ్ళున్నాయి, తేదీలున్నాయి. ఇదే కంపెనీ కరువు వచ్చిన సంవత్సరాల్లో ఈ తీరం పొడుగునా ఆకలిగొన్న మనుషులను బానిసలుగా కొని, ఓడలకెత్తి, సింహళానికీ బటావియాకూ పంపింది. వేలమంది వెళ్ళారు. వాళ్ళకు రాయి లేదు. పిల్లలను తీసుకువెళ్ళేవారు లతలూ కిరీటాలూ చూపించండి, తప్పులేదు. ఈ మాట కూడా చెప్పండి.

1824 నాటి ఒడంబడికలో ఒలందావారు హిందూదేశంలోని తమ స్థావరాలన్నీ ఇంగ్లీషువారికి ఇచ్చేశారు. బందరు వైభవం అప్పటికే తగ్గింది. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన వచ్చింది. బందరులోనూ చుట్టుపక్కలా పోయినవారు సుమారు 30,000 అని లెక్క. బందరు కోట వైపు వెళితే ఆ రాత్రి మాట ఇప్పటికీ వినిపిస్తుంది. 1977 నవంబరు దివిసీమ ఉప్పెన కళ్ళారా చూసినవాళ్ళు దానికి దీన్ని జోడించి చెబుతారు. కోటలో ఇప్పుడు ఇటుక గోడలు, కూలిన కప్పులు, మధ్యలో మేసే గేదెలు. నిశ్శబ్దం మాత్రం నిండుగా ఉన్నది.

సాయంత్రం ఊళ్ళోకి వచ్చి తొక్కుడు లడ్డు కట్టించుకున్నాము. శనగపిండిని వేయించి, దంచి, జల్లించి, మళ్ళీ దంచి చేస్తారు కనుక పళ్ళులేని వారికి కూడా ఇబ్బంది లేదు. బందరు హల్వా సంగతి మామయ్య తేల్చలేకపోయారు, రెండూ పుచ్చుకున్నారు.

చీకటి పడే ముందు మంగినపూడి ఒడ్డుకు వెళ్ళాము. అక్కడ సముద్రానికి లోతు తక్కువ. ఆ రోజుల్లో ఓడలు దూరాన లంగరు వేసి ఉండేవి. సరుకంతా చిన్న పడవల మీద చేరవేసేవారు. ఇప్పుడు ఆ దాపునే, 2023లో శంకుస్థాపన చేసిన కొత్త రేవు పనులు. మామయ్య మోకాలిలోతు దాకా దిగి, పంచె పైకి పట్టుకుని, చాలాసేపు తూర్పు వైపు చూశారు.

"మన బొమ్మలు కూడా ఇటే వెళతాయా?" అని అడిగారు.

రేవు పూర్తి కానివ్వండి మామయ్యా, అన్నాను.