లింగంపల్లి స్టేషన్ బయట.. టక్ టక్ టక్!

హైదరాబాద్‌కి రైల్లో వచ్చేవాళ్లంతా సికింద్రాబాద్‌లోనే దిగుతారని బయటివాళ్లు అనుకుంటారు. మా గోదావరి వాళ్లు మాత్రం ఇంకాసేపు పడుకుని లింగంపల్లిలో దిగుతారు. గౌతమి, జన్మభూమి, నారాయణాద్రి.. మూడింటికీ చివరి స్టేషన్ ఇదే. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ మొదలైనప్పుడు ఆ లోకల్ రైళ్లకీ పడమటి కొస ఇదే. కొడుకులు, కూతుళ్లు నల్లగండ్లలోనో గచ్చిబౌలిలోనో ఫ్లాట్లలో ఉంటున్నారు కదా, పొద్దున్నే స్టేషన్ బయట చూస్తే సగం సామాను ఊరగాయ డబ్బాలే!

మొన్న వానాకాలంలో గౌతమికి నాన్న వచ్చాడు. రెండు కళ్లల్లోనూ శుక్లాలు. పదకొండింటికి డాక్టర్ దగ్గర ఉండాలి, ఆపరేషన్ ఎప్పుడో తేలేది ఆరోజే. ఆ అపాయింట్‌మెంట్ కోసం మూడు వారాలు ఆగాం. సంచి వెనక సీట్లో పెట్టి, నాన్నని ముందు కూర్చోబెట్టి తాళం తిప్పా.

టక్ టక్ టక్ టక్.

అంతే. ఇంజిన్ లేవలేదు. మళ్లీ తిప్పా. మళ్లీ అదే చప్పుడు.

నాకు ముందు గుర్తొచ్చింది అండర్ బ్రిడ్జి. లింగంపల్లి రైల్వే అండర్ బ్రిడ్జి గురించి ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. గట్టి వాన పడితే చాలు, కింద చెరువే. ముందురోజు రాత్రి వాన పడింది, పొద్దున నేను ఆ నీళ్లలోంచే వచ్చా.

"నీళ్లలో బండి ఆగిందా?" అనడిగాడు నాన్న.

"లేదు. ఇక్కడిదాకా బానే వచ్చింది."

"అయితే నీళ్లు కాదులే."

ఇది మాత్రం గుర్తుపెట్టుకోండి. నీళ్ల మధ్యలో ఇంజిన్ ఆగిపోయి, తర్వాత తాళం తిప్పితే ఒక్కసారి 'టక్' మని బిగుసుకుపోతే, ఇక తిప్పకూడదు. ఇంజిన్ లోపలికి నీళ్లు వెళ్లి ఉండొచ్చు. గాలి నొక్కితే నొక్కుకుంటుంది, నీళ్లు నొక్కుకోవు. బలవంతంగా తిప్పితే లోపలున్న కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అప్పుడు బండిని లాగించుకుని వెళ్లడమే మంచిది.

మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు మనిషి మొహం కూడా మసగ్గానే కనిపిస్తుంది. చెవులు మాత్రం డిపోలో ఉన్నప్పటివే. నేనేమో అప్పటికే ఇంటికొచ్చి బ్యాటరీ వేసే వాళ్లకి ఫోన్ చేశా. బండిని చూడకుండానే "కొత్తది వెయ్యాలి సార్, అయిదున్నర వేలు" అన్నారు. సరే అనబోతున్నా.

"ఉండ్రా. హెడ్‌లైట్లు వేసి, తాళం తిప్పు. వెలుగు ఏవవుతోందో చెప్పు."

తిప్పా. లైట్లు ఆరిపోతాయేమో అన్నంతగా తగ్గిపోయాయి.

"స్టార్టర్ మోటార్ పోతే వెలుగు తగ్గదు, ఒక్క టక్ మాత్రం వస్తుంది. నీకు కరెంట్ అందట్లేదు. బ్యాటరీ అన్నా అవ్వాలి, దాని కనెక్షన్ అన్నా అవ్వాలి."

తాళం తిప్పగానే సొలినాయిడ్ అనే చిన్న స్విచ్ లోపలికి లాగుతుంది, మనకి వినిపించే టక్ అదే. దానికి కరెంట్ కాస్త చాలు. స్టార్టర్ తిరగాలంటే మాత్రం వంద ఆంపియర్లు దాటాలి. అంత లాగేసరికి ఓల్టేజీ పడిపోతుంది, స్విచ్ వదిలేస్తుంది. వదలగానే ఓల్టేజీ లేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. అందుకే టక్ టక్ టక్. హారన్ మోగుతోంది కదా, బ్యాటరీ బానే ఉందనుకోవడం నాలాంటి వాళ్లు చేసే తప్పు.

బానెట్ ఎత్తా. మైనస్ టెర్మినల్ మీద తెల్లగా, ఆకుపచ్చగా పొడి పేరుకుపోయి ఉంది. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని బండి వారానికోసారి కదిలితే గొప్ప, బానెట్ ఎత్తి ఏడాది దాటింది. చేత్తో పట్టుకుని కదిపితే క్లాంప్ గిర్రున తిరిగింది!

పక్కన ఆటో అన్న అంతా చూస్తున్నాడు. "బండి స్టార్ట్ అయితలేదా అన్నా? నాకాడ పానాలున్నయ్" అని పది నంబర్ పానా తీసిచ్చాడు. పక్కన టిఫిన్ బండి అక్కని అడిగితే బజ్జీల్లోకి ఉంచుకున్న వంట సోడా కాస్త, వేణ్నీళ్లు ఒక గ్లాసు ఇచ్చింది. "కారుకి సోడా ఏంది తమ్మీ?" అని ఒకటే నవ్వు.

నాన్న చెబుతుంటే చేశా. బండి ఆఫ్ చేసి ముందు మైనస్ విప్పాలి, తర్వాత ప్లస్. ప్లస్ ముందు విప్పితే, పానా బాడీకి తగిలిందంటే నిప్పురవ్వలే. సోడా నీళ్లు పోస్తే పొడి బుసబుసా పొంగి కరిగిపోయింది. ఆ నీళ్లు బ్యాటరీ లోపలికి పోకూడదు. గుడ్డతో తుడిచి, ఉప్పు కాగితంతో రుద్దితే (అదీ ఆటో అన్నదే) సీసం మెరిసింది. బిగించేటప్పుడు ప్లస్ ముందు, మైనస్ ఆఖరున.

"తిప్పు."

రెండు సార్లు బరువుగా మూలిగి, మూడోసారికి లేచింది. ఆటో అన్నకి వంద ఇవ్వబోతే తీసుకోలేదు, చాయ్ మాత్రం తాగాడు.

వారం తర్వాత షాపులో మీటర్ పెట్టించా. ఆపి ఉంటే 12.4 ఓల్టులు, ఇంజిన్ నడుస్తుంటే 14.1. అంటే ఆల్టర్నేటర్ చార్జింగ్ బానే ఇస్తోంది, బ్యాటరీకి ఇంకా ప్రాణం ఉంది. అయిదున్నర వేలు మిగిలాయి.

ఆరోజు మాత్రం తిరుగుదారిలో అండర్ బ్రిడ్జి దగ్గర నీళ్లు తగ్గలేదు. రెండువైపులా బళ్లు. టైమ్ పదీ పది. పెట్రోల్ దండగ అని ఇంజిన్ ఆపబోతుంటే నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపకు. కాస్త చార్జింగ్ ఎక్కనీ."