ఫోన్‌లో వైఫై గుర్తు ఉంది, మరి డేటా ఎలా అయిపోతోంది?

గత పేరెంట్స్ మీటింగ్‌లో ఒక అమ్మగారు ప్రోగ్రెస్ కార్డు వైపు చూడనే లేదు. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి ఫోన్ తీసి టేబుల్ మీద పెట్టారు. "మేడమ్, ఇంట్లో వైఫై ఉంది. నెలనెలా డబ్బులు కడతన్నాం. అయినా రాత్రి ఎనిమిదయ్యేసరికి నా సిమ్‌లో రెండు జీబీ అయిపోయేది. పాఠాలని చెప్పి మా గుంటడు ఏటి చూస్తన్నాడో మీరే అడగండి" అన్నారు. పక్కన నిలబడ్డ అబ్బాయి "నానేటీ చూడ్లేదు మేడమ్" అని తల దించుకున్నాడు. చదివేది ఎనిమిదో తరగతి. పది రోజులుగా ఫోన్ వాడి చేతికి ఇవ్వడం లేదట. ఆ పది రోజుల్లో నేను యాప్‌లో పెట్టిన రెండు సైన్స్ వీడియోలు వాడు చూడలేదు. క్లాసులో ఎందుకంత మౌనంగా కూర్చుంటున్నాడో నాకు అప్పుడు అర్థమైంది.

ఫోన్ తీసేసుకున్నాక డేటా మిగులుతోంది, అంటే తప్పు వాడిదే కదా అని ఆవిడ లెక్క. ఇలాంటి లెక్క చాలా ఇళ్లలో వింటున్నాను. డేటా అయిపోతే మొదటి అనుమానం పిల్లల మీదే.

నేను ఉండేది కూడా కళింగపట్నంలోనే. వాళ్ల ఇల్లు మాకు రెండు వీధుల అవతల. ఆదివారం సాయంత్రం వెళ్లాను. పాతకాలపు ఇల్లు, గోడలు మూరెడు మందం. వైఫై పెట్టె ముందు గదిలో టీవీ పక్కన ఉంది. అబ్బాయి చదువుకునేది వెనక వంటింటి పక్క గదిలో. అది చూడగానే సగం అనుమానం తీరింది. మిగతా సగం కొలిచి తేల్చుకోవలసిందే.

స్క్రీన్ పైన కనిపించే విసనకర్ర లాంటి గుర్తు ఒక్క విషయమే చెబుతుంది: ఫోన్‌కి, ఇంట్లో ఉన్న పెట్టెకి మాట కలిసింది అని. పాఠం వీడియో ఆ పెట్టె నుంచి బయటి తీగ మీదుగా వస్తోందా, లేక సిమ్ డేటా మీద వస్తోందా అన్నది వేరే ప్రశ్న. మన లైట్‌హౌస్ దీపం కనబడిందంటే ఒడ్డు దగ్గరపడిందని అర్థం, పడవ ఏటి మొగ దాటి లోపలికి వచ్చేసిందని కాదు. ఇదీ అంతే.

వైఫై బలహీనంగా ఉంటే తనంతట తానే మొబైల్ డేటాకు మారిపోయే ఏర్పాటు నేటి ఫోన్లలో చాలావాటిలో ఉంది. ఐఫోన్‌లో దీని పేరు వైఫై అసిస్ట్. 2015లో ఐఓఎస్ 9తో వచ్చింది, మనం ఆపితే తప్ప ఆన్‌లోనే ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో కంపెనీని బట్టి పేరు మారుతుంది. సామ్‌సంగ్ ఫోన్లలో వైఫై సెట్టింగ్స్‌లోకి వెళ్తే 'స్విచ్ టు మొబైల్ డేటా' అని ఉంటుంది. మారినప్పుడు వీడియో ఆగదు కాబట్టి ఎవరికీ తెలియదు. పిల్లవాడికైతే అసలే తెలియదు, వాడి కళ్లు పాఠం మీద ఉంటాయి కదా (ఉంటాయనే నా ఆశ).

మేము చేసిన పరీక్ష ఇది. సెట్టింగ్స్‌లో మొబైల్ డేటా యూసేజ్ తెరిచి, ఇప్పటిదాకా ఎంత ఖర్చయిందో కాగితం మీద రాసుకున్నాం. అబ్బాయి తన గదిలో, తన బల్ల దగ్గరే కూర్చుని నా వీడియో పాఠం పది నిమిషాలు చూశాడు. మళ్లీ అదే పేజీ తెరిచాం. అంకె వెంటనే మారకపోవచ్చు, రెండు నిమిషాలు ఆగాలి. ఆగితే 140 ఎంబీ పెరిగింది. పైన వైఫై గుర్తు ఉంది, పక్కన ఆవగింజంత ఆశ్చర్యార్థకం ఉంది. తర్వాత ముందు గదిలో, పెట్టె ఎదురుగా కూర్చుని మరో పాఠం పది నిమిషాలు. ఈసారి ఒక్క ఎంబీ కూడా పెరగలేదు.

అమ్మగారు కాగితం తీసుకుని రెండు అంకెలూ మళ్లీ చదివారు. "అయితే వీడు పాఠాలే చూశాడన్నమాట" అన్నారు మెల్లిగా. అబ్బాయి ఏమీ అనలేదు కానీ, తర్వాతి వీడియో ఎన్ని నిమిషాలు మేడమ్ అని అడిగాడు.

ఇంకా తొందరగా తేలాలంటే మొబైల్ డేటా ఆపేసి, ఇంతకుముందు చూడని వీడియో ఒకటి పెట్టండి. ఆడితే వైఫై పనిచేస్తున్నట్టే. ఆగిపోతే ఇన్నాళ్లూ సిమ్ మోస్తున్నట్టు. చూసిన వీడియో పెట్టొద్దు, అది ఫోన్‌లోనే నిలవ ఉండి ఏ నెట్ లేకుండానే ఆడవచ్చు. ఐఫోన్‌లో అయితే మొబైల్ డేటా పేజీలోనే వాడకం అంకెలు ఉంటాయి, అట్టడుగున వైఫై అసిస్ట్ మీట కూడా అక్కడే ఉంటుంది.

ట్యాబ్‌లు వాడే ఇళ్లలో మరో తికమక చూశాను. ట్యాబ్‌లో సిమ్ లేదు, వైఫై గుర్తు నిండుగా ఉంది, కానీ నాన్నగారి ఫోన్‌లో డేటా కరిగిపోతోంది. ఎప్పుడో ప్రయాణంలో ఆయన హాట్‌స్పాట్‌కి కలిపిన పాస్‌వర్డ్ ట్యాబ్ గుర్తుపెట్టుకుంది. హాట్‌స్పాట్ ఆన్‌లో ఉండిపోతే ఇంటికి వచ్చాక కూడా దానికే అతుక్కుంటుంది. హాట్‌స్పాట్ కూడా వైఫైగానే కనిపిస్తుంది కాబట్టి గుర్తు కాదు, పేరు చదవాలి. పేరు చివర 5జీ అని ఉంటే సిమ్ 5జీ అనుకోవద్దు. అది మీ పెట్టె పంపే రెండు తరంగాల్లో 5 గిగాహెర్ట్జ్‌ది. వేగం ఎక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. వెనక గదుల్లో 2.4 గిగాహెర్ట్జ్ పేరు ఎంచుకోవడమే నయం. ఆ అబ్బాయి ఫోన్‌లో మేము చేసిన మార్పుల్లో అదొకటి.

అలాగని ఆ ఆటోమేటిక్ మార్పును అన్ని ఫోన్లలోనూ ఆపేయమని చెప్పను. మనది తుఫానుల తీరం. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర, 2021 సెప్టెంబర్ 26 రాత్రి గులాబ్ మన ఊరికి ఉత్తరాన తీరం దాటాయి. ఇంటర్నెట్ కేబుల్ చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే వస్తుంది, స్తంభం పడితే అదీ పోతుంది. ఇన్వర్టర్ మీద పెట్టె మాత్రం వెలుగుతూనే ఉంటుంది, ఫోన్‌లో గుర్తూ ఉంటుంది. అలాంటి రాత్రి దూరాన ఉన్నవాళ్లకు క్షేమం చెప్పాలంటే సిమ్ డేటాకు మారిపోయే ఫోన్ ఒకటి ఇంట్లో ఉండాలి. పిల్లలు చదువుకునే ఫోన్‌లో ఆపండి, పెద్దల ఫోన్‌లో ఉంచండి. పెట్టె మీద లాస్ అని రాసి ఉన్న చోట ఎర్ర దీపం వెలిగితే తప్పు ఫోన్‌ది కాదు, బయటి తీగది. కనెక్షన్ వాళ్లకు ఫోన్ చేయాల్సిందే.

ఈ నెల మా ఎనిమిదో తరగతికి దీన్నే యాక్టివిటీగా ఇస్తున్నాను. నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు: గది, ముందు అంకె, పది నిమిషాల తర్వాత అంకె, తేడా. ఇంట్లో మూడు చోట్ల కొలిచి, ఎక్కడ తేడా ఎక్కువ వచ్చిందో, పెట్టెకీ ఆ చోటుకీ మధ్య ఎన్ని గోడలున్నాయో రాయాలి. డేటా బాగా మిగిలిన రోజు చూసి ఒక గంట మీ ఫోన్ ఇవ్వండి, వీలైతే మీరూ పక్కన కూర్చోండి. నోట్‌బుక్‌లు 25వ తేదీ లోపు నాకు చేరాలి.