మా ఊరి నీళ్ళు చేరే చోటు

“నాన్నగారూ, ఈ నీళ్ళు ఎక్కడికి పోతాయి?” అని ముక్త్యాల రేవులో మా చిన్నవాడు అడిగి ఏడాది అయినది. చూపిస్తానని మాట ఇచ్చుట, సంఘ పనులు వచ్చి మానుకొనుట నాకు అలవాటైనది. “వాడు పెద్దవాడైతే పిలిచినా రాడండీ” అని నా భార్య అన్న మాట మనస్సులో గుచ్చుకున్నది.

ఆదివారం ఆరాధన ఉన్నందున శనివారం రాత్రికే తిరిగి రావాలి. తెల్లవారుజామున పులిహోర డబ్బాతో బయలుదేరి నందిగామ, విజయవాడ, అవనిగడ్డల మీదుగా హంసలదీవి చేరాము. 1989లో ఏర్పడిన కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఈ నదీముఖంలోనే సుమారు 194 చదరపు కిలోమీటర్ల మేర ఉన్నది. మడచెట్ల వేళ్ళు బురదలోనుండి మేకులవలె పైకి లేచి గాలి పీల్చుకొనుట చూచి పిల్లలు ఆశ్చర్యపడ్డారు. చేపలు పట్టి తినే బావురుపిల్లి నివసించేది ఈ అడవిలోనే. రాత్రివేళ తిరిగే జంతువు గనుక మాకు కనబడలేదు. చిన్నవాడు చిన్నబోయాడు.

అక్కడ ఒక ముసలి జాలరి 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను తలచుకొని, “మడ దట్టంగా ఉంటే అల జోరు తగ్గుద్దయ్యా” అన్నాడు. ఎన్నో వేలమందిని బలిగొన్న ఆ రాత్రిని గూర్చి పిల్లలు మౌనంగా విన్నారు.

మరునాటి సాయంత్రం మా రేవులో, వేరుశనగలు తిన్న ప్లాస్టిక్ కవరును నేను నీటిలో వేయబోయాను. చిన్నవాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

“బావురుపిల్లి దగ్గరికి పోతుంది, నాన్నగారూ!”

సిగ్గుపడి కవరును జేబులో పెట్టుకున్నాను.