కరవని బూట్లు

కొత్త చెప్పులు కరుస్తాయి. కరిచినచోట కొబ్బరినూనె రాసుకోవడం, చెప్పులకు రాత్రంతా ఆముదం పట్టించడం, నాలుగు రోజులు కుంటుతూ తిరగడం... తెలుగిళ్లలో ఇదేమీ కొత్త కాదు. కూకట్‌పల్లిలో ఉండే ఆ బ్యాంకు ఉద్యోగి సైక్లింగ్‌ బూట్లు కొన్నప్పుడూ అలాగే అనుకున్నారు. కాస్త బిగుతుగానే ఉన్నాయి, నాలుగు వారాలు తొక్కితే అవే సాగుతాయిలే అని.

సాగలేదు.

ఆయనకు యాభై రెండేళ్లు. షుగరు వచ్చి తొమ్మిదేళ్లయింది. నడుద్దామంటే మోకాళ్లు సహకరించక సైకిలెక్కారు. అవుటర్‌ రింగ్‌రోడ్డు పక్కన 2023లో సోలార్‌ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్‌ ట్రాక్‌ వచ్చాక, ఆదివారం తెల్లారేసరికి అక్కడ ఉండటం అలవాటైంది. అక్కడ చాలామంది కాళ్లకు పెడల్‌కు అతుక్కునే బూట్లు. వాటిని చూసి ఆయనకూ మనసు లాగింది.

ఈ బూట్ల తీరే వేరు. అడుగుభాగం గట్టి నైలాన్‌తోనో కార్బన్‌ ఫైబర్‌తోనో చేస్తారు. చేత్తో వంచితే వంగదు. తొక్కే బలం బూటు వంగడంలో పోకుండా నేరుగా పెడల్‌కు చేరాలని అలా చేస్తారు. కింద మూడు రంధ్రాలుంటాయి. వాటికి క్లీట్‌ అనే ప్లాస్టిక్‌ ముక్క బిగిస్తే అది పెడల్‌లో ‘టక్‌’మని ఇరుక్కుంటుంది. విడిపించుకోవాలంటే మడమను బయటికి తిప్పాలి. పూర్వం రేసుల్లో తొక్కేవాళ్లు తోలు బూట్లు వేసుకుని, పాదాన్ని పట్టీతో పెడల్‌కు బిగించుకునేవారు. మంచు మీద జారే స్కీలకు బూట్లను పట్టి ఉంచే బిగింపులు చేసే ఫ్రెంచి సంస్థ లుక్‌, అదే కిటుకును సైకిల్‌కు తెచ్చింది. 1985లో బెర్నార్డ్‌ ఇనో ఆ పెడళ్లతోనే టూర్‌ డి ఫ్రాన్స్‌ గెలిచాక పట్టీల కాలం చెల్లింది. ఆ తోలు బూట్లయితే పాదాన్నిబట్టి సాగేవి. ఇప్పటివి దాదాపు కొన్నప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. (వారానికోసారి ఇరవై కిలోమీటర్లు తొక్కేవాళ్లకు నిజానికి మామూలు బూట్లు చాలు. కానీ సరదాకు లెక్కలేముంటాయి!)

ఆయన ఉదయం పదకొండింటికి షాపుకెళ్లారు. పాదాలు సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయని తట్టలేదు. తొక్కేటప్పుడు వేసుకునే మేజోళ్లూ తీసుకెళ్లలేదు. ‘తొక్కితే సెట్టయిపోతాయి అంకుల్‌’ అన్నాడు కుర్రాడు. 42 సైజు కొన్నారు. ఇంట్లో ధర సగమే చెప్పారు.

అపార్ట్‌మెంట్‌ పార్కింగ్‌లో గోడ పట్టుకుని రెండ్రోజులు సాధన చేశారు. అయినా మొదటి ఎర్రలైటు దగ్గరే మడమ తిప్పడం మరిచిపోయి, ఆగిన సైకిల్‌తో సహా పక్కకు ఒరిగిపోయారు. ‘కాలు కింద పెట్టొచ్చు కద సార్‌!’ అన్నాడు ఆటో డ్రైవర్‌. దానికి ఆయనే నవ్వుకున్నారు.

మూడో ఆదివారం మాత్రం నవ్వులాట కాలేదు. పదిహేను కిలోమీటర్లు దాటేసరికి కుడికాలి వేళ్లు తిమ్మిరెక్కాయి. కొత్తవి కదా అని సర్దుకున్నారు. ఇంటికొచ్చి మేజోళ్లు విప్పి పడేశారు.

‘ఏవండీ, ఈ రక్తం ఏంటి?’ అని స్నానాలగది దగ్గర్నుంచి భార్య కేకేశారు.

చిటికెన వేలి పక్కన రూపాయిబిళ్లంత బొబ్బ లేచి, చితికిపోయి ఉంది. ఆయనకు తెలియనే లేదు. బూటు కరిచింది, కరిచినట్టు పాదం చెప్పలేదు!

మర్నాడు డాక్టరు కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్‌ పోగుతో పాదం మీద అక్కడక్కడా తాకారు. తగిలినప్పుడల్లా ‘ఆఁ’ అనాలి. రెండుచోట్ల ఆయన పలకలేదు. తిమ్మిరికి బూటు బిగుతు ఒక కారణమైనా, నరాల్లో స్పర్శ తగ్గడం మొదలైందని చెప్పారు డాక్టరు. సైకిల్‌ మానక్కర్లేదు, పుండు పూర్తిగా మానేదాకా ఆ బూట్లు ముట్టుకోవద్దు, ‘కరిచి కరిచి అదే సర్దుకుంటుంది’ అన్న మాట మాత్రం ఇక మరిచిపొమ్మన్నారు. పుండు మానడానికి ఐదు వారాలు పట్టింది.

రెండోసారి సాయంత్రం వెళ్లారు, మేజోళ్లు జేబులో పెట్టుకుని. నిలబడి కాగితం మీద పాదం గీయించుకున్నారు. 43, అందులోనూ వెడల్పు రకం. వేళ్లు లోపల కదలాలి, మడమ మాత్రం లేవకూడదు. క్లీట్‌ను మునివేళ్ల కింది నుంచి కొద్ది మిల్లీమీటర్లు వెనక్కి జరిపి బిగించారు, ఒత్తిడంతా ఒక్కచోటే పడకుండా. పెడల్‌ పట్టునూ వదులు చేశారు. మొదటిరోజు ఇంట్లోనే పది నిమిషాలు తొడుక్కుని విప్పి చూశారు. తర్వాత ఐదు కిలోమీటర్లు, మళ్లీ విప్పి చూడటం. ఎర్రబడినచోటు కాసేపట్లో మామూలవుతోందా లేదా అని కాపలా. అలా నెల గడిచాక ట్రాక్‌ మొత్తం తొక్కారు. పాతవి మేనల్లుడికి సరిగ్గా సరిపోయాయి.

ఇప్పుడు ఆదివారం అలారం మోగితే ముందు లేచేది భార్యే. బూట్లలో చెయ్యి పెట్టి రాయో, ఇసుకో, లేచిన కుట్టో ఉందేమోనని తడిమి ఇస్తారు. తిరిగొచ్చాక వేళ్ల సందులతో సహా పాదాలు చూస్తారు. ‘నాలుగువేల బూట్లకు ఇంత సేవా!’ అంటారు. ఆయన కిమ్మనరు.