రెండవ యెడబాటు

తల్లిదండ్రులు దూరదేశమున నుండగా తాతగారింట పెరుగు బిడ్డను జూచి లోకులు జాలిపడుదురు. నేనట్టి బిడ్డనే. నాడు గుంటూరు జిల్లాలోను, 2022 నుండి బాపట్ల జిల్లాలోను చేరిన అమృతలూరులో అమ్మమ్మ యొద్ద ఆరవయేడు నిండువఱకు పెరిగితిని. ఆ జాలి యెచ్చట తగునో, యెచ్చట తగదో చెప్పవలెనని నా కోరిక.

ఆ యింట నాకు కొఱతయననేమో తెలియదు. తాతయ్యతో కాలువగట్టున నడచుట, వరి కోయకముందే చేలో మినుములు చల్లుట చూచుట, రాత్రి అమ్మమ్మ కొంగు పట్టుకొని నిద్రించుట, ఇదియే నా లోకము. అమ్మమ్మనే 'అమ్మా' యని పిలిచెడివాడను. అమెరికాలోనున్న తల్లి నాకు ఆదివారము ఫోనులో వినబడు కంఠము మాత్రమే.

ఆమె నిర్దయురాలు గాదు. ఆ దేశమున 1993 నాటి చట్టము బాలింతకిచ్చు సెలవు 12 వారములు. అదియు జీతము లేనిది. అమ్మమ్మ తోడు వెళ్లినను, చూడవచ్చిన చుట్టములను ఆ ప్రభుత్వము సాధారణముగా ఆరు నెలలకు మించి యొక్కమారు ఉండనీయదు. కావుననే పసిబిడ్డలు సముద్రములు దాటి వచ్చుచున్నారు.

దుఃఖము వేఱొకచోట నున్నది. ఏడవయేట నన్ను 'మీ యింటికి' పంపుచున్నామని అందఱును సంతసించిరి. నాకది యిల్లు విడుచుట. కొత్తయింట తల్లి నాకై దాచిన బొమ్మలను ముందర పెట్టెను; నేను ముట్టలేదు. ఆమె యేడ్చెను; నేను భయపడితిని. 'ఇకమీదట ఆవిడను అమ్మమ్మ యనవలెను' అని పెద్దలు దిద్దిరి. వారు లెక్కించినది మొదటి యెడబాటును, నేనెఱిగినది రెండవదానిని.

1951లో జాన్ బౌల్బీ యను ఆంగ్ల వైద్యుడు ప్రపంచ ఆరోగ్య సంస్థకు వ్రాసిన గ్రంథమున, శిశువునకు తల్లితో గాని, తల్లివలె నిలుకడగా పెంచువారితో గాని, ఎడతెగని స్నేహబంధము కావలెనని చెప్పెను. ఎడతెగని యను మాటయే ముఖ్యము.

పంపక తప్పనిచో పంపుడు. మరలించుకొనునపుడు మాత్రము తొందరపడకుడు. కొన్ని మాసములు అమ్మమ్మను వెంట నుంచుడు. ఎచ్చటికి, ఎన్నాళ్లకు పోవుచున్నదో బిడ్డకు నిజము చెప్పుడు. 'రేపే తిరిగి వత్తువు' అని మభ్యపెట్టకుడు. బిడ్డ యిద్దఱను 'అమ్మా' యనినను ఆ పిలుపు దిద్దవలదు. దేవకిని, యశోదను గూడ తల్లులుగా నెన్నుకొను మన యిండ్లలో ఇది వింతగాదు.